నలభై మీటర్లు

పటంలో చూస్తే ఏమంత కాదు.
పడమట బిర్చ్ చెట్ల చిట్టడవి,
తూర్పున, పాత బొగ్గుగని కుంగిన చోట నిలిచిన మడుగు.
మధ్యలో నా చిటికెనవేలి గోరంత తెలుపు.

నేల మీద ఆ తెలుపు పేరు
జింక్ ఫ్యాక్టరీ వెనక గేటు.
రాత్రింబవళ్ళు లారీలు,
రెండు దీపస్తంభాలు,
నలభై మీటర్ల తారు.

నేను ఒటీలియాని.
సైలీషియాలో ఒక పురపాలక కార్యాలయం, మూడో అంతస్తు,
తెరుచుకోని కిటికీ పక్క బల్ల నాది.
ఉన్న పచ్చదనానికి నిండు రంగు వేస్తాను,
ఉండాల్సినదానికి చుక్కల గీత.
పదకొండేళ్ళుగా
నా దగ్గర చుక్కలే ఎక్కువ ఖర్చయ్యాయి.

ఫ్యాక్టరీ తరఫున వియెచోరెక్ గారు వచ్చారు.
"గోడ పొడవునా మూడువందల తూయా మొక్కలు నాటించాం,
అది పచ్చదనం కాదా?"
పచ్చదనమే.
వరసగా, ఒకే ఎత్తున, కాపలాదారుల్లా నిలబడ్డ పచ్చదనం.
గోడకి ఇంకో గోడ.
దాని వెంబడి ఎవరూ ఎక్కడికీ పోలేరు.
ఈ మాట చెప్పడానికి నాకు నాలుగు సమావేశాలు పట్టింది.

ఆ సమావేశాలు వట్టి కప్పల తక్కెడ.
రోడ్ల శాఖని కూర్చోబెడితే
నీళ్ళ శాఖ దూకేది,
నీళ్ళ శాఖని పట్టుకుంటే బడ్జెట్ గెంతేది.

అయిదోసారి
తలుపు తోసుకుని ఆలోయ్జ్ వచ్చాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి,
కనుబొమల్లో సగం ఇప్పటికీ మొలవలేదు.
బల్ల మీద, మా కాఫీ కప్పుల మధ్య,
ఒక బకెట్ పెట్టాడు.
అందులో గోదురుకప్పలు, పద్నాలుగు.
గదిలో కుదురుగా కూర్చున్నవి అవే.

తర్వాత కోటు లోపల్నించి ఒక పుస్తకం తీశాడు.
పాత కొలిమి లెక్కల పుస్తకమే.
ఎడమ గడిలో ఒకప్పుడు వేడి, కుడి గడిలో బరువు;
ఇప్పుడు ఎడమన దాటించినవి,
కుడిన టైర్ల కింద పోయినవి.

మార్చి పంతొమ్మిది. వాన. నూట నాలుగు. ముప్ఫై ఒకటి.
మార్చి ఇరవై. వాన. తొంభై. పన్నెండు.
మార్చి ఇరవై ఒకటి. మంచు. ఎవరూ రాలేదు.

ఏవీ రాలేదు అని కాదు,
ఎవరూ రాలేదు అని.
వియెచోరెక్ ఆ పంక్తి దగ్గర వేలు పెట్టి
చాలాసేపు తియ్యలేదు.
తొమ్మిదేళ్ళ మార్చి నెలలు అట్లా ఉన్నాయి అందులో.

రోడ్డు కింద సొరంగం
ఒకటిన్నర మీటరు అడిగాను,
ఎనభై సెంటీమీటర్లు ఇచ్చారు.
చీకటికి జంకకుండా పైన జాలీ కోసం ఒక ఏడాది పోట్లాట.
దారి చూపే కంచె, మోకాలెత్తు, రెండు వైపులా.
మార్చిలో ఆ రెండు దీపాలూ ఆర్పుతామని
సంతకం చేసిన కాగితం ఒకటి.
చిట్టు దిబ్బ మీద తనంతట తాను మొలిచిన విల్లో పొదని
ఎవరూ కొయ్యకూడదని ఇంకో కాగితం.
నా ఉద్యోగం మొత్తంలో
నేను గట్టిగా అరిచింది ఆ పొద కోసమే.

మొదటి వాన రాత్రి
టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని
తూర్పు మూతి దగ్గర నిలబడ్డాం.
ముందు ఒక పిల్లి బయటికొచ్చింది,
పన్ను కట్టినంత ధీమాగా.
తర్వాత గంటసేపు నీళ్ళ చప్పుడు.
నేను పడమటి మూతికి వెళ్ళి చూస్తే
ఒక ఆడ గోదురుకప్ప
సిమెంటు అంచున కూర్చుని ఉంది,
వీపు మీద మొగుడితో సహా.
లోపలికి చూసింది. వెనక్కి తిరిగింది.

నాకు ఏడుపొచ్చింది.
ఆలోయ్జ్ మాత్రం
"ఎన్ని తరాల దారో, కాస్త ఆలోచించుకోనీ" అని
బకెట్ తీసుకుని రోడ్డెక్కాడు.

ఆ వసంతమంతా కలిపి
సొరంగంలోంచి దాటినవి పదిహేడు.
పుస్తకంలో వాటికోసం మూడో గడి గీశాడు,
స్కేలు లేకుండా, కొంచెం వంకరగా.

చుక్కల గీతని నేనింకా నింపలేదు.
పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.
మడుగుకి అవతల, పటం అంచున,
రైల్వే యార్డు దగ్గర ఇంకో తెలుపుంది.
దాని వెడల్పు
రేపు కొలవాలి.